ఏడాదిని దేవుని సన్నిధిలో తిరిగి చూసుకోవడం ఎలా? మేళ్ళు, ఎదుగుదల, మిగిలిన ప్రార్థనలు: ఒక సమగ్ర మార్గదర్శి

డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో సాక్ష్యాల సమయం వస్తుంది. ఒకరి తర్వాత ఒకరు లేచి "ఈ సంవత్సరమంతా నన్ను, నా కుటుంబాన్ని కాచి కాపాడిన దేవునికి స్తోత్రం" అని చెప్పి కూర్చుంటారు. ఆ మాటలో అబద్ధం ఏమీ లేదు. కానీ ఏ నెలలో, దేని నుంచి కాపాడాడు అని అడిగితే చాలామందికి వెంటనే గుర్తు రాదు. ఫిబ్రవరిలో కన్నీళ్లతో చేసిన ప్రార్థనకు మార్చిలో జవాబు వచ్చి ఉంటుంది. డిసెంబర్ నాటికి ఆ ప్రార్థనా గుర్తుండదు, జవాబూ గుర్తుండదు.

"ఆయన చేసిన ఉపకారములలో దేనిని మరువకుము" అని 103వ కీర్తనలో దావీదు తన ప్రాణానికే చెప్పుకున్నాడు. మనిషి మరిచిపోతాడని తెలుసు కాబట్టే అలా చెప్పుకోవలసి వచ్చింది. ఆ కీర్తనలో అతను పొడిపొడిగా స్తుతించి ఊరుకోలేదు. క్షమాపణ, స్వస్థత, విమోచన, తృప్తి అని ఒక్కొక్కటిగా పేరు పెట్టి చెప్పాడు. ఈ మార్గదర్శి ఉద్దేశం కూడా అదే. ఏడాదిని మొత్తంగా కాకుండా విడివిడిగా, పేర్లతో, తేదీలతో గుర్తు చేసుకోవాలి. ఎదుగుదలను కూడా అలాగే చూడాలి.

ముందు సమయం కుదుర్చుకోండి

డిసెంబర్‌లో విశ్వాసుల ఇళ్లలో తీరిక ఉండదు. సెమీ క్రిస్మస్‌లు (క్రిస్మస్‌కు ముందే జరిపే వేడుకలు), క్యారల్స్, పిల్లల డ్రామా ప్రాక్టీసు, ఇంటికి సున్నాలు, పిండివంటలు. ఆ హడావిడిలో ఈ పని పెట్టుకోవద్దు. క్రిస్మస్ మరుసటి రోజు నుంచి 30వ తేదీ లోపు ఏదో ఒక పూట తీసుకోండి. ఒకే విడతలో అయిపోవాలని అనుకోకండి. మొదటి పూట గుర్తు చేసుకుని రాయడానికి, రెండో పూట రాసిన దాన్ని ముందు పెట్టుకుని ప్రార్థించడానికి. ఈ రెండూ ఒకేసారి చేయబోతే, రాయడం సగంలో ఆగిపోతుంది, ప్రార్థన తొందరలో ముగిసిపోతుంది.

గల్ఫ్‌లో ఉండేవాళ్లకు శుక్రవారం ఆరాధన అయ్యాక మధ్యాహ్నం అనుకూలంగా ఉంటుంది. కుటుంబం ఒకచోట, సంపాదించే మనిషి మరోచోట ఉంటే, ఇద్దరూ ఎవరి నోట్‌బుక్‌లో వాళ్లు రాసుకుని తర్వాత వీడియో కాల్‌లో చదువుకోవచ్చు. కువైట్‌లో ఉన్న భర్త ఏ రోజుల్లో ఒంటరితనంతో నలిగాడో కడపలో ఉన్న భార్యకు ఆ రోజే మొదటిసారి తెలియవచ్చు.

ఏమేం దగ్గర పెట్టుకోవాలి?

జ్ఞాపకశక్తిని నమ్ముకోవద్దు. మనకు గుర్తుండేవి ఎక్కువగా చివరి రెండు నెలలు, బాగా నొప్పి కలిగించిన రోజులు మాత్రమే. కాబట్టి సాక్ష్యాధారాలు తెచ్చుకోండి.

గోడ మీది చర్చి క్యాలెండర్‌తో మొదలుపెట్టండి. గ్యాస్ బండ వచ్చిన రోజు, పాలు మానేసిన రోజు, చీటీ కట్టిన రోజు, పిల్లవాడి పరీక్షలు అన్నీ దాని మీద ఉంటాయి. తర్వాత ఫోన్‌లో ఫొటోలు జనవరి నుంచి వరుసగా చూడండి. ఆసుపత్రి ఫైళ్లు, ప్రార్థన మనవులు రాసుకున్న పుస్తకం, బైబిల్ అంచుల్లో పెన్సిల్‌తో వేసిన తేదీలు, పాస్టర్ గారి ప్రసంగాలు రాసుకున్న నోట్స్ కూడా తీయండి.

ఇంకొకటి ఉంది, చాలామంది దీన్ని వదిలేస్తారు: ఫోన్‌పేలో గానీ బ్యాంకు పుస్తకంలో గానీ ఏడాది లెక్క. "నీ ధనమెక్కడ నుండునో అక్కడనే నీ హృదయము ఉండును" అని ప్రభువు కొండమీది ప్రసంగంలో చెప్పాడు. కానుకగా ఎంత ఇచ్చాం, ఇతరుల అవసరానికి ఎంత ఇచ్చాం, అవసరం లేని వాటికి ఎంత పోయింది అనేది అక్కడ దాచలేనంత స్పష్టంగా కనిపిస్తుంది. దీన్ని చూసి కుంగిపోవలసిన పని లేదు. ముందు చూడండి, అంతే.

మొదటి అడుగు: నెలకో పేజీ

ఒక నోట్‌బుక్‌లో నెలకో పేజీ వదలండి. ప్రతి పేజీలో జరిగినవి జరిగినట్టు రాయండి. ఆత్మీయంగా కనిపించేలా దిద్దొద్దు, ప్రసంగంలా రాయొద్దు. ఉదాహరణకు ఒక ఇల్లాలి జూలై పేజీ ఇలా ఉండవచ్చు:

"అమ్మకి కంటి ఆపరేషన్. ముందురోజు షుగర్ ఎక్కువుందని వాయిదా వేస్తామన్నారు. పొద్దునకి తగ్గింది. డబ్బు సరిపోదేమోనని బాగా టెన్షన్ పడ్డాను. మా మరిది అడక్కుండానే పదివేలు పంపాడు. వచ్చేటప్పుడు వాన. పక్కింటాయన ఆటో మాట్లాడుకొచ్చి డబ్బులు ఇవ్వనివ్వలేదు. ఆ వారం నేను బైబిల్ తెరవలేదు. కట్టు విప్పాక అమ్మ తనంతట తాను 23వ కీర్తన చదువుకుంది."

ఈ నాలుగు ముక్కల్లో ఎంత ఉందో చూడండి. షుగర్ తగ్గడం, మరిది పంపిన డబ్బు, పొరుగాయన దయ, అమ్మకు తిరిగి వచ్చిన చూపు. "అమ్మ ఆపరేషన్ బాగా జరిగింది, స్తోత్రం" అని ఒక్క ముక్కలో రాసి ఉంటే మరిది, పొరుగాయన ఇద్దరూ అందులో నుంచి జారిపోయేవారు. దేవుడు ఎక్కువగా మనుషుల చేతుల మీదుగానే సహాయం పంపుతాడు. ఆ మనుషుల పేర్లు రాయకపోతే ఆయన పని సగం రాయనట్టే. బైబిల్ తెరవని వారం కూడా అదే పేజీలో ఉంది. దాన్ని కొట్టేయొద్దు, తర్వాత అవసరం అవుతుంది.

ఏ నెలలోనైనా రాయడానికి ఏమీ తోచకపోతే పేజీని ఖాళీగా వదలండి. ఏ గండమూ లేకుండా గడిచిన నెల కూడా మేలే. దాన్ని కూడా లెక్కలో వేయాలి.

రెండో అడుగు: మేళ్ళకు పేరు పెట్టండి

పేజీలన్నీ నిండాక ఒక రంగు పెన్ను తీసుకుని మేళ్ళ కింద గీత గీయండి. తప్పుల కన్నా ముందు మేళ్ళు చూడాలి. ఈ వరుసకు చాలా పాత మూలం ఉంది. 16వ శతాబ్దంలో కతోలిక గురువు లొయోలా ఇగ్నేషియస్ నేర్పిన ఆత్మపరిశీలనలో కూడా మొదటి మెట్టు కృతజ్ఞతే. పొందిన మేళ్ళకు ముందు వందనాలు చెల్లించి, ఆ తర్వాతే పాపాలను పరిశీలించుకోమంటాడు. కతోలికులు ఇప్పటికీ ఈ పద్ధతి పాటిస్తారు. ఏ సంఘానికి చెందినవారికైనా ఇది పనికొస్తుంది. దేవుడు తనకు చేసిన మంచిని ముందు చూసుకున్న మనిషి తన తప్పును దాచుకోకుండా చూడగలడు.

గీత గీసిన వాటిలో మీకు అన్నిటికంటే ముఖ్యమైనవి ఐదో ఆరో ఎంచుకోండి. ఎంచుకునేటప్పుడు ఒక జాగ్రత్త. మన సాక్ష్యాల్లో ఉద్యోగం, వీసా, స్థలం రిజిస్ట్రేషన్, పెళ్లి, పిల్లల ర్యాంకు ముందు వరుసలో ఉంటాయి. అవన్నీ దేవుడిచ్చినవే, చెప్పుకోవాలి. కానీ పదేళ్లుగా మాట్లాడని అన్నతో మాట కలవడం, ఒక వాక్యం అర్థమై రాత్రంతా మనసు తేలికపడటం, కొత్తగా వచ్చిన కుటుంబాన్ని ఆదివారం భోజనానికి పిలవడం లాంటివి ఫొటోల్లో ఉండవు, కాబట్టి జాబితాలోకి రావు. వాటి కోసం పేజీలు మళ్ళీ ఒకసారి తిప్పండి.

పదిమంది కుష్ఠరోగులు శుద్ధులైతే తిరిగి వచ్చి వందనం చెప్పింది ఒక్కడే, వాడు సమరయుడు. లూకా 17వ అధ్యాయంలోని ఈ సంగతి అందరికీ తెలుసు. గీతలు గీసిన వాటి పక్కన, ఆ సహాయం తెచ్చిన మనిషికి మీరు థ్యాంక్స్ చెప్పారా లేదా అని రాయండి. చెప్పకపోతే ఆ రోజే ఫోన్ చేయండి. ఏప్రిల్‌లో చేసిన సాయానికి డిసెంబర్‌లో ఫోన్ వస్తే ఎవరూ నొచ్చుకోరు.

మూడో అడుగు: ఏడాది వాగ్దానాన్ని తిరిగి చదవండి

చాలా సంఘాల్లో జనవరి 1న ఒక బైబిల్ వచనం రాసి ఉన్న వాగ్దాన కార్డులు ఇస్తారు. దాన్ని బీరువా తలుపుకో, ఫ్రిజ్‌కో అంటిస్తాం. మొరేవియన్ అనే ప్రొటెస్టెంట్ సంఘం విశ్వాసులు జర్మనీలోని హెర్న్‌హట్‌లో 1728లోనే రోజుకో వాక్యాన్ని ఇంటింటికీ చెప్పడం మొదలుపెట్టారు. 1731 నుంచి ఏడాదికి సరిపడా వాక్యాలను పుస్తకంగా అచ్చు వేస్తున్నారు. ఒక వాక్యాన్ని చేతిలో పట్టుకుని ఏడాదంతా నడవడం మంచి అలవాటే.

కానీ కార్డు మీద ఒక వచనమే పడుతుంది, దాని ముందూ వెనకా పట్టవు. యిర్మీయా 29:11 తీసుకోండి. "రాబోవు కాలమందు మీకు నిరీక్షణ కలుగునట్లుగా అవి సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు." ఎన్ని ఇళ్ల గోడల మీద ఉందో ఈ మాట! ఇది బబులోనుకు చెరపట్టబడి పోయినవారికి రాసిన ఉత్తరంలోది. దాని పై వచనంలోనే డెబ్బై ఏళ్ల మాట ఉంది. అంతకు ముందు, ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, మీరు ఉన్న పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అని ఉంది. అంటే ఈ డిసెంబర్ లోపల అన్నీ చక్కబడతాయని ఆ మాట చెప్పలేదు. చెరలో కూడా దేవుని ఉద్దేశం ఆగదని చెప్పింది.

మీకు వచ్చిన వాగ్దానం ఉన్న అధ్యాయం మొత్తం చదవండి. తర్వాత రెండు ప్రశ్నలు వేసుకోండి. జనవరిలో ఈ మాట చూసి నేను ఏం ఆశించాను? ఏడాదిలో దేవుడు దీన్ని ఏ విధంగా నెరవేర్చాడు? రెండు జవాబులూ ఒకటి కాకపోతే కంగారు పడవద్దు. ఆ తేడా గురించే ఆయనతో మాట్లాడండి.

నాలుగో అడుగు: ప్రార్థన మనవుల లెక్క

ప్రార్థన మనవులన్నీ ఒక పేజీలో రాసి, జవాబు వచ్చినవి, వేరే విధంగా వచ్చినవి, ఇంకా రానివి అని విడదీయండి. "ఇంకా రానివి" దగ్గర చాలామంది ఆగిపోతారు. నా విశ్వాసం తక్కువైందా అని కుమిలిపోతారు.

ఒంగోలులో ప్రార్థన కొండ ఉంది. 1854 జనవరి 1 తెల్లవారుజామున, నెల్లూరులో పనిచేసే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఆ కొండెక్కి, ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. ఆ కాలంలో తెలుగు మిషన్‌ను మూసేద్దామనే చర్చ అమెరికాలో జరిగేది. ఆ ఏడాది చివర ఆ ఐదుగురూ లెక్క చూసుకుని ఉంటే "ఇంకా రానివి" అనే వరుసలోనే ఆ ప్రార్థన ఉండేది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఒంగోలుకు వచ్చి స్థిరపడింది 1866లో. 1876-78 నాటి కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్న జనానికి పని చూపించాడు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. కొండ మీద ప్రార్థనకూ ఆ రోజుకూ మధ్య 24 ఏళ్లు.

కాబట్టి జవాబు రాని మనవులను కొట్టేయకుండా కొత్త నోట్‌బుక్ మొదటి పేజీలోకి ఎక్కించండి, ఏ ఏడాది మొదలుపెట్టారో పక్కన రాయండి. అలాగే ఆ పేజీని ఇంకోసారి చూడండి. మనవులన్నీ మన ఇంటి గోడల మధ్యనే ఉన్నాయా? ఊరి కోసం, పనిచేసే చోట నలిగిపోతున్న తోటివాళ్ల కోసం, మనతో పడనివాళ్ల కోసం ఒక్క మనవైనా ఉందా? ఎదుగుదల ముందు కనిపించే చోటు ఇదే అని నా నమ్మకం.

ఐదో అడుగు: ఎదుగుదలను ఎలా చూడాలి?

బైబిల్ మొత్తం చదవడం, ఉపవాసాలు, కూడికలకు వెళ్లడం, స్త్రీల సమాజంలోనో యౌవనుల కూడికలోనో బాధ్యత తీసుకోవడం అన్నీ మంచివే. రాయండి. అయితే ఇవి ఎదుగుదలకు దారులు, కొలతలు మాత్రం కావు. పౌలు గలతీయులకు రాస్తూ ఆత్మ ఫలం అని చెప్పినవాటిలో హాజరు పట్టీ లేదు. ప్రేమ, సంతోషము, సమాధానము, దీర్ఘశాంతము, దయాళుత్వము, మంచితనము, విశ్వాసము, సాత్వికము, ఆశానిగ్రహము ఉన్నాయి.

తొమ్మిదింటికీ మార్కులు వేసుకోవద్దు. ఒక్కోదానికి ఒక సంఘటన రాయండి. దీర్ఘశాంతం అంటే, ట్రాఫిక్‌లో ఎవరో బండికి తగిలించినప్పుడు నేనేం అన్నాను? సాత్వికం అంటే, తోటికోడలు నలుగురిలో మాట అన్నప్పుడు నేనేం చేశాను? ఆశానిగ్రహం అంటే, రాత్రి పదకొండు దాటాక ఫోన్‌లో ఏం చూశాను? పోయిన ఏడాది ఇలాంటి సందర్భంలోనే ఏం చేశానో పక్కన రాస్తే తేడా కనిపిస్తుంది, లేదా తేడా లేదని కనిపిస్తుంది.

మన తెలుగు సంఘాల్లో తప్పకుండా వేసుకోవలసిన ప్రశ్నలు ఇంకొన్ని ఉన్నాయి. పెళ్లి సంబంధం చూసేటప్పుడు కట్నం గురించి నేను ఏం మాట్లాడాను? కులం ప్రస్తావన వచ్చినప్పుడు నా నోటి నుంచి ఏం వచ్చింది? క్రీస్తులో యూదుడని గ్రీసు దేశస్థుడని లేదని ఆరాధనలో చదువుతాం. ఆ మాట సంబంధాల దగ్గర, అద్దె ఇల్లు ఇచ్చే దగ్గర నిలిచిందా? పనిమనిషికి జీతం సమయానికి ఇచ్చానా? ఈ ప్రశ్నలకు ప్రార్థనలో ఎంతసేపు గడిపాననే లెక్క జవాబు చెప్పదు.

తర్వాత, ఇంట్లోవాళ్లను అడగండి. దీనికి ధైర్యం కావాలి, కానీ ఇంతకంటే నమ్మదగిన సాక్ష్యం దొరకదు. భార్యనో భర్తనో, వయసు వచ్చిన పిల్లలనో కూర్చోబెట్టి, "ఈ ఏడాది నాలో ఏం మారింది? ఏం మారలేదు?" అని అడగండి. వాళ్లు చెప్పేటప్పుడు అడ్డు రావొద్దు, సంజాయిషీ ఇవ్వొద్దు. "నాన్నా, ఇప్పుడు నువ్వు అన్నం తినేటప్పుడు ఫోన్ పక్కన పెడుతున్నావు. కానీ నాకు మార్కులు తగ్గితే ఇంకా అలాగే అరుస్తున్నావు" అని కూతురు అంటే, రెండు వాక్యాలూ ఉన్నవి ఉన్నట్టు రాయండి. మొదటిదానికి స్తోత్రం చెల్లించండి, రెండోదానికి ముందు ఆ పిల్లకు సారీ చెప్పండి.

ఒంటరిగా ఉండేవారు, హాస్టల్లో ఉండే పిల్లలు నమ్మకమైన స్నేహితుణ్ణో, సంఘంలో పెద్దవారినో అడగవచ్చు.

ఆరో అడుగు: ఒప్పుకోవడం, సరిచేసుకోవడం

139వ కీర్తన చివరి రెండు వచనాలు చదివి మొదలుపెట్టండి: "దేవా, నన్ను పరిశోధించి నా హృదయమును తెలిసికొనుము." దీన్ని ఎక్కువసేపు సాగదీయకండి. పేజీల్లో కనిపించిన పాపాన్ని పేరు పెట్టి ఒప్పుకోండి. మన పాపాలు ఒప్పుకుంటే ఆయన క్షమిస్తాడన్న 1 యోహాను 1:9 ప్రకారం క్షమాపణ పొందండి. మనిషి పట్ల తప్పు జరిగి ఉంటే, బలిపీఠం దగ్గర అర్పణ విడిచి ముందు సహోదరునితో సమాధానపడమన్న ప్రభువు మాట ఉంది. వాచ్‌నైట్‌కు, అంటే డిసెంబర్ 31 రాత్రి ఆరాధనకు, వెళ్లే ముందే ఆ ఫోన్ చేయండి. అప్పు తీర్చవలసి ఉంటే ఎప్పటికి ఇస్తారో చెప్పండి.

ఇదంతా దేవునితో ఒక నిబంధనగా, అంటే ఒప్పందంగా, చేసుకునే ఆచారం మెథడిస్టుల్లో ఉంది. మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన జాన్ వెస్లీ 1755లో లండన్‌లో మొదటి నిబంధన ఆరాధన జరిపాడు. ఇప్పుడు కొత్త ఏడాది తొలి ఆదివారాల్లో దాన్ని ఆచరిస్తారు. మీ సంఘంలో ఆ ఆరాధన లేకపోతే, జనవరిలో ప్రభువు బల్ల తీసుకునే రోజును అందుకోసం కేటాయించుకోవచ్చు.

దుఃఖంలో ఉన్నవారికి

ఈ ఏడాది ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవారు, రోగంతో పోరాడుతున్నవారు, ఉద్యోగం పోయినవారు పై అడుగులన్నీ వేయనక్కర్లేదు. "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అని 13వ కీర్తన మొదలవుతుంది. అది కూడా దేవుని వాక్యంలోనే ఉంది. మీ పేజీలో ఆ ఒక్క ప్రశ్నే రాసినా చాలు. "అనుదినము నూతనముగా ఆయనకు వాత్సల్యత పుట్టుచున్నది" అనే మాట కూడా కూలిపోయిన యెరూషలేము గురించి ఏడ్చిన విలాపవాక్యములలోదే.

ఎబెనెజరు రాయి గురించి ప్రసంగాలు చాలా విన్నాం. సమూయేలు దాన్ని నిలిపి "ఇంతవరకు యెహోవా మనకు సహాయము చేసెను" అన్నాడు. ఈ సంగతి ఉన్న 1 సమూయేలు గ్రంథంలోనే, నాలుగో అధ్యాయంలో ఇశ్రాయేలీయులు ఎబెనెజరు దగ్గర దిగి, ఫిలిష్తీయుల చేతిలో ఓడిపోయి, మందసాన్ని పోగొట్టుకున్నారు. ఆ ఓటమికీ ఆ రాయికీ మధ్య ఇరవై ఏళ్లకు పైగా గడిచాయి. కాబట్టి దుఃఖంలో ఉన్నవారిని ఈ డిసెంబర్‌లోనే లేచి సాక్ష్యం చెప్పమని ఎవరూ బలవంతం చేయకూడదు. పక్కన కూర్చోండి, వాళ్లకు అన్నం వండి పంపండి.

ఏడో అడుగు: సాక్ష్యం సిద్ధం చేసుకోండి

రాసుకున్న వాటిలో ఒక్క సంగతి ఎంచుకోండి. మూడు నిమిషాలు చాలు. నా పరిస్థితి ఏమిటి, దేవుడు ఏం చేశాడు, ఇప్పుడు నేను ఎలా ఉన్నాను. అంతే. తేదీ చెప్పండి, స్థలం చెప్పండి. "అనేక మేళ్ళు" అనకుండా ఒక మేలు చెప్పండి. కూతురి సంబంధం విడిపోయిన సంగతి, తమ్ముడి అప్పుల సంగతి లాంటివి వాళ్లను అడగకుండా మైకులో చెప్పొద్దు. ఇచ్చిన కానుక మొత్తం కూడా చెప్పొద్దు.

పిల్లలకు మాత్రం ఇంట్లో తీరిగ్గా చెప్పండి. యొర్దాను దాటాక పన్నెండు రాళ్లు నిలిపించినప్పుడు, ఇవి ఎందుకని మీ పిల్లలు అడిగితే ఈ సంగతి చెప్పండి అని యెహోషువ అన్నాడు. జూలైలో అమ్మమ్మ ఆపరేషన్ రోజు ఏం జరిగిందో పిల్లలకు మనం చెప్పకపోతే, వాళ్లకు అది ఒక ఆసుపత్రి బిల్లుగానే మిగులుతుంది.

ఎనిమిదో అడుగు: వచ్చే ఏడాదికి

తీర్మానాల పట్టిక పెద్దది చేయకండి. లూకా 13లో ఫలించని అంజూరపు చెట్టు కోసం తోటమాలి "ఈ సంవత్సరముకూడ ఉండనిమ్ము" అని బతిమాలాడు. ఊరికే ఉండనిమ్మనలేదు, చుట్టూ తవ్వి ఎరువు వేస్తానన్నాడు. మీ జీవితంలో తవ్వవలసిన చోటు ఏదో ఐదో అడుగులో తెలిసిపోయి ఉంటుంది. దానికి సరిపోయే ఒక్క అలవాటు పెట్టుకోండి. కోపం ఎక్కువైతే బైబిల్‌లోని సామెతల గ్రంథం నెలకొకసారి చదవండి, రోజుకో అధ్యాయం చొప్పున 31 అధ్యాయాలు సరిపోతాయి. డబ్బు మీద ఆశ పట్టుకుంటే, జీతం పడిన రోజే కానుక వేరు చేయండి. ఒక మనిషి పేరు కూడా రాసుకోండి, ఏడాదంతా ఆ మనిషి కోసం ప్రార్థించడానికి, అవసరమైతే వెళ్లి కలవడానికి.

నోట్‌బుక్‌ను బైబిల్ పక్కనే పెట్టండి. నెలలో మొదటి ఆదివారం ఆరాధన నుంచి వచ్చాక, భోజనానికి ముందో తర్వాతో, పోయిన నెల పేజీ రాసేయండి. పావుగంట పడుతుంది. ఇంట్లో అందరూ తలో వాక్యం చెబితే, ఒకరు రాస్తే ఇంకా మంచిది. జనవరి పేజీ ఫిబ్రవరి మొదటి ఆదివారం రాయాలి, క్యాలెండర్‌లో ఆ తేదీ చుట్టూ ఇప్పుడే సున్నా చుట్టండి.